రోశమ్మ సారా కొట్టు మూయించింది, మరి మందు మళ్ళీ ఎలా వచ్చింది?

సారా వ్యతిరేక ఉద్యమం అనగానే తెలుగువాళ్ళకి గుర్తొచ్చే పేరు దూబగుంట రోశమ్మ. ఇంటిపేరు వర్ధినేని. నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలోని దూబగుంట ఆమె ఊరు. ఊరిపేరే ఇంటిపేరుగా మారేంతగా ఆమె ప్రసిద్ధురాలైంది. 2016 ఆగస్టులో చనిపోయేనాటికి ఆమె చుట్టూ ఒక కథ స్థిరపడిపోయింది. పల్లెటూరి ఆడవాళ్ళు చీపుళ్ళు పట్టుకుని తిరగబడ్డారు, ప్రభుత్వం దిగొచ్చింది, ఎన్టీఆర్ నిషేధం పెట్టారు, చంద్రబాబు ఎత్తేశారు. నాలుగు ముక్కల్లో చెప్పుకునే ఈ కథలో అబద్ధం పెద్దగా లేదు. కానీ ముక్కకీ ముక్కకీ మధ్య జరిగింది వదిలేస్తే రోశమ్మ గెలిచిందేమిటో, పోగొట్టుకున్నదేమిటో అర్థం కాదు.

ముందుగా చెప్పాల్సింది, మద్య నిషేధం మనకి 1995లో కొత్తగా వచ్చింది కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాలో నిషేధం మొదలుపెట్టి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. స్వాతంత్ర్యం వచ్చాక మద్రాసు రాష్ట్రం మొత్తం నిషేధం కిందికి వచ్చింది. నెల్లూరు అందులోదే. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ నిషేధం కూడా వారసత్వంగా దక్కింది. అమలు సరిగ్గా లేదు, ఖజానాకి నష్టం, ఎత్తేయడం మేలని రామమూర్తి కమిటీ చెప్పింది. ఆ గొడవలోనే 1954 నవంబరులో ప్రకాశం పంతులు ప్రభుత్వం అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. మందు విషయంలో ప్రభుత్వాలు లేవడం, పడిపోవడం మన రాష్ట్రం పుట్టిన మరుసటి ఏడాది నుంచే ఉంది. తెలంగాణ వైపు సంగతి వేరు. నిజాం కాలం నాటి ఆబ్కారీ అక్కడ ఆగకుండా నడిచింది. 1960ల చివరికి ఆంధ్ర జిల్లాల్లోనూ నిషేధం పోయి, రెండు ప్రాంతాలకీ ఒకే ఎక్సైజ్ చట్టం వచ్చింది.

అక్కడి నుంచి ఎక్సైజ్ ఆదాయం ఎలా పెరిగిందో చూస్తే తర్వాతి కథ సగం తెలిసిపోతుంది. 1970-71లో సుమారు 39 కోట్ల రూపాయలు వచ్చేది. 1991-92 నాటికి అది 800 కోట్లు దాటింది. ఇరవై ఏళ్ళలో ఇరవై రెట్లు. జనం తమంతట తాము అంత ఎక్కువ తాగడం మొదలుపెట్టారనుకుంటే పొరపాటు. తాగించే ఏర్పాటు ఒకటి కట్టుదిట్టంగా నడిచింది.

ఆ ఏర్పాటు ఇలా ఉండేది. డిస్టిలరీల్లో తయారైన సారాని ప్రభుత్వం డిపోల ద్వారా కాంట్రాక్టర్లకి ఇచ్చేది. ఏ ప్రాంతంలో ఎవరు అమ్మాలన్నది ఏటా జరిగే వేలంపాటలో తేలేది. పాట పాడినవాడు నెలనెలా కిస్తీ కట్టాలి. దాంతోపాటు ఇంత సరుకు తప్పనిసరిగా ఎత్తాలన్న కోటా కూడా అతని నెత్తిన ఉండేది. అంటే అమ్మినా అమ్మకపోయినా డబ్బు మాత్రం కట్టి తీరాలి. అలాంటి మనిషి కొట్టు తెరిచి, ఎవరో వస్తారని ఎదురుచూస్తూ కూర్చోడు. సరుకుని మనుషుల దగ్గరికే పంపిస్తాడు. 1980ల్లో తెలుగుదేశం ప్రభుత్వం తెచ్చిన వారుణి వాహిని పథకంతో సారా ప్యాకెట్లలోకి వచ్చాక ఆ పని ఇంకా తేలికైంది. జేబులో పట్టే ప్యాకెట్టు పొలం గట్టు మీదికి, కూలి పని జరిగే చోటికి, ఇంటి గుమ్మంలోకి వచ్చేసింది. చేతిలో డబ్బు లేకపోతే అప్పు ఇచ్చేవాళ్ళు. సాయంత్రం కూలి డబ్బులు చేతిలో పడేసరికి అప్పిచ్చినవాడు ఎదురుగా ఉండేవాడు. తాగడానికి మంచినీళ్ళు లేని ఊళ్ళకి కూడా సారా మాత్రం టైముకి ఎలా చేరుతోందని నెల్లూరు ఆడవాళ్ళు ఉద్యమం పొడవునా అడుగుతూనే ఉన్నారు. దానికి ఏ అధికారి దగ్గరా జవాబు లేదు.

అందుకే వాళ్ళ పోరాటాన్ని నీతి బోధగా చూడటం నాకు నచ్చదు. తాగుడు పాపమని వాళ్ళు ప్రచారం చేయలేదు. వాళ్ళు అడిగింది కూలి డబ్బుల లెక్క. ఉద్యమంలోకి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది దళిత, వెనుకబడిన కులాల కూలి ఆడవాళ్ళు. మొగుడి కూలి సారా కొట్టుకి పోతే, ఆమె కూలితోనే పిల్లల తిండి గడవాలి. కొన్నిసార్లు ఆమె కూలి కూడా లాక్కుని పోయేవాడు. ఇవ్వనంటే తన్నులు. ఈ రెండింటి వెనకా ఒకే కొట్టు ఉందని, ఆ కొట్టు వెనక సర్కారు ఉందని వాళ్ళకి అర్థమైంది.

అది అర్థం కావడానికి కారణం చదువు. 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం దేశమంతా నడిచింది. నెల్లూరు జిల్లాలో దానికి అక్షరదీపం అని పేరు. జిల్లా యంత్రాంగం, జన విజ్ఞాన వేదిక లాంటి సంస్థల కార్యకర్తలు కలిసి ఊరూరా రాత్రి బడులు పెట్టారు. ఈ బడులకి ఎక్కువగా వచ్చింది ఆడవాళ్ళే. పగలంతా కలుపు తీసి, నాట్లు వేసి, వంట చేసి, రాత్రి లాంతరు దగ్గర పలక పట్టుకున్నారు. అక్షరాలు ఎంత వచ్చాయన్నది పక్కనపెడితే, ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడానికి పెద్దమనుషులు ఆమోదించిన చోటు ఒకటి దొరికింది. అంతకుముందు అలాంటిది లేదు. వాచకంలో తాగుబోతు మొగుడితో పడలేక నలిగిపోయే సీతమ్మ కథ ఒక పాఠం. అది చదివాక, ఈ కథ మనదే కదా అన్న మాట చాలా బడుల్లో వినిపించింది.

1991లో దూబగుంటలో ఏం జరిగిందన్నది ఆ తర్వాత మరో పాఠంగా అచ్చయింది. దాని పేరు ఆడవాళ్ళు ఏకమైతే. అందులో ఊరి ఆడవాళ్ళు తమ మాటల్లో చెప్పినట్టుగా కథ సాగుతుంది. ముందు ఊరి పెద్దల దగ్గరికి వెళ్ళి కొట్టు మూయించమని అడిగారు. పని కాలేదు. మర్నాడు వంద మంది దాకా కలిసి ఊరి బయటికి నడిచి, ఊళ్ళోకి వస్తున్న కల్లు బండిని ఆపారు. కల్లు పారబొయ్యమన్నారు. నష్టం వస్తుందంటే మనిషికో రూపాయి వేసుకుని ఇస్తామన్నారు. బండివాడు బెదిరిపోయి వెళ్ళిపోయాడు. తర్వాత సారా జీపు వస్తే దాన్నీ చుట్టుముట్టారు. సారా దించితే కలెక్టర్ దగ్గరికి వెళతామన్నారు. కొట్టు మూతపడింది.

ఈ కథలో నన్ను పట్టి ఆపేది ఆ రూపాయి. బండివాడి పొట్ట కొట్టాలని వాళ్ళు అనుకోలేదు. అతనూ తమలాంటి కష్టజీవే కాబట్టి అతని నష్టం తాము పంచుకుంటామన్నారు. సారా జీపు వచ్చినప్పుడు మాత్రం ఆ మాట అనలేదు. ఎవరితో ఎలా మాట్లాడాలో వాళ్ళకి తేడా తెలుసు. ఉద్యమాన్ని ఆవేశంగానో, పూనకంగానో వర్ణించేవాళ్ళు ఈ వివేకాన్ని గమనించరు.

రోశమ్మ ఆ గుంపులో ముందు నిలబడిన మనిషి. ఆమెను ఉద్యమ నాయకురాలు అంటే అందులో సగమే నిజం. దూబగుంట పాఠం జిల్లా అంతటా రాత్రి బడులకి చేరాక, 1992 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో వందలాది ఊళ్ళల్లో ఆడవాళ్ళు ఎవరికి వాళ్ళే కొట్లు మూయించారు. వాళ్ళకి రాష్ట్ర కమిటీ లేదు, అధ్యక్షురాలు లేదు, పిలుపు ఇచ్చినవాళ్ళు లేరు. ఊరి పొలిమేరలో వంతులవారీగా కాపలా కాశారు. చీపుళ్ళు, కారంపొడి పట్టుకుని జీపులకి అడ్డం నిలబడ్డారు. ప్యాకెట్లు కుప్ప పోసి తగలబెట్టారు. తాగి ఇంటికొస్తే అన్నం వండేది లేదన్నారు. కొన్నిచోట్ల తాగుబోతులకి గుండు కొట్టించి ఊరేగించారు. ఆ చివరి పనిని ఇవాళ సమర్థించడం కష్టం. అయితే అప్పటిదాకా తాగి తన్నిన మొగుడిని నిలదీసే ఏ పంచాయితీ ఆ ఊళ్ళల్లో లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఇన్ని ఊళ్ళ ఉద్యమానికి పత్రికలకి ఒక మొహం కావాలి. దూబగుంటలో మొదలైంది కాబట్టి రోశమ్మ ఆ మొహం అయింది. ఈనాడు సారాపై సమరం పేరుతో రోజూ ప్రత్యేకంగా వార్తలు వేసింది. దానివల్ల ఒక ఊరి కబురు మర్నాటికి పది జిల్లాలకి చేరేది. ప్రగతిశీల మహిళా సంఘం, ఐద్వా వంటి సంఘాలు, వామపక్ష పార్టీలు, ప్రతిపక్షంలో ఉన్న తెలుగుదేశం, బీజేపీ, గాంధేయవాదులు అందరూ కలిసొచ్చారు. రోశమ్మ సభలకి వెళ్ళింది, మాట్లాడింది. ఉద్యమం పెద్దదైంది. అది పెద్దదవుతున్నకొద్దీ డిమాండ్ ఎలా మారిందో గమనించండి. దూబగుంటలో అడిగింది మా ఊరికి సారా రాకూడదు అని. నెల్లూరులో అది మా జిల్లాలో సారా పాట జరగకూడదు అయింది. హైదరాబాదు చేరేసరికి రాష్ట్రంలో సారా ఉండకూడదు, ఆ తర్వాత అసలు మద్యమే ఉండకూడదు అయింది.

ప్రతి మెట్టులోనూ న్యాయం ఉంది. పక్క ఊళ్ళో కొట్టు ఉంటే మన ఊరి మగవాడు అక్కడికి నడిచి వెళతాడు కాబట్టి జిల్లా అంతా మూయాలి. పక్క జిల్లాకీ అదే లెక్క. కానీ ప్రతి మెట్టులోనూ తాళంచెవి ఊరి ఆడవాళ్ళ చేతిలోంచి ఇంకొంచెం పైకి జరిగింది. పాటని ఆపడం వరకు వాళ్ళ సొంత బలంతోనే జరిగింది. నెల్లూరులో సారా పాట జరగనివ్వకుండా పదేపదే అడ్డుకున్నారు, అధికారులు మళ్ళీ మళ్ళీ వాయిదా వేశారు. రాష్ట్రవ్యాప్త నిషేధం మాత్రం చట్టం చేసేవాళ్ళు ఇవ్వాల్సిందే.

అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్ధనరెడ్డిది కూడా నెల్లూరు జిల్లాయే. ఆయన 1992 అక్టోబరులో దిగిపోయింది సారా వల్లేనని కొందరంటారు. అది సరికాదు. ప్రైవేటు మెడికల్ కాలేజీల అనుమతుల మీద హైకోర్టు తీర్పు తర్వాత ఆయన రాజీనామా చేశారు. ఆయన తర్వాత వచ్చిన కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించింది. అంటే రోశమ్మ కొట్టు మూయించిన సారాని చట్టప్రకారం ఆపింది కాంగ్రెస్ ప్రభుత్వం. అప్పట్లో బ్రాందీ, విస్కీ కొట్లు యథాతథంగా నడిచాయి. 1994 డిసెంబరులో భారీ మెజారిటీతో గెలిచిన ఎన్టీఆర్ ప్రమాణ స్వీకారం రోజే సంపూర్ణ నిషేధం మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి అది అమల్లోకి వచ్చింది. పదేళ్ళ కిందట ప్యాకెట్ సారా తెచ్చినదీ ఆయన ప్రభుత్వమే. రెండూ నిజాలే, రెండూ చెప్పుకోవాలి.

సంపూర్ణ నిషేధం రెండేళ్ళు కూడా గట్టిగా నిలవలేదు. రాష్ట్రానికి మూడు వైపులా మందు దొరికే రాష్ట్రాలున్నాయి. గోదావరి జిల్లాల మధ్యలో ఉన్న యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది కాబట్టి అక్కడ నిషేధమే లేదు. నాటుసారా, గుడుంబా బట్టీలు మళ్ళీ వెలిశాయి. ఇవి కారణాలే, కానీ అసలు దెబ్బ ఖజానాలో పడింది. ఒక చేత్తో కిలో రెండు రూపాయల బియ్యం, రైతులకి చౌక కరెంటు ఇస్తూ, రెండో చేత్తో పెద్ద ఆదాయాన్ని వదులుకుంది ప్రభుత్వం. ఆ లోటు ఎక్కడి నుంచి పూడ్చాలన్న ప్రశ్నకి సంతకం పెట్టిన రోజున జవాబు లేదు. 1995 సెప్టెంబరులో ముఖ్యమంత్రి అయిన చంద్రబాబు 1996లో బియ్యం ధర మూడున్నరకి పెంచారు, 1997లో నిషేధం సడలించారు. ఒక సంతకంతో వచ్చింది ఒక సవరణతో పోయింది. మూయించిన ఊళ్ళని ఎవరూ అడగలేదు. హర్యానాలో కూడా 1996లో నిషేధం పెట్టి 1998లో ఎత్తేశారు, కాబట్టి ఇది మన ఒక్కరి గొడవా కాదు.

ఇక్కడ చాలామంది మర్చిపోయే సంగతి ఒకటుంది. 1997లో ఎత్తేసింది బ్రాందీ, విస్కీ, బీరు మీది నిషేధం. సారా నిషేధం అలాగే ఉండిపోయింది. ప్రభుత్వ సారా కొట్టు, ప్యాకెట్టు, సారా పాట మళ్ళీ రాలేదు. నిజానికి రోశమ్మ అడిగింది ఆమెకు దక్కింది. కానీ సారా కొట్టు చేసే పనంతా మెల్లగా వైన్ షాపుకి, దాని వెనకాల ఊళ్ళో కిరాణా కొట్టు చాటున నడిచే బెల్టు షాపుకి బదిలీ అయిపోయింది. కూలివాడు తాగే మందు పేరు మారింది, రేటు పెరిగింది. ఉదయం కూలికి ముందు క్వార్టర్ కొట్టే మనిషి భార్యకి, 1991లో ప్యాకెట్ కొట్టే మనిషి భార్యకి బతుకులో తేడా ఎంత అని అడిగితే నేను గట్టిగా ఏమీ చెప్పలేను.

గెలుపు ఇంకోచోట మిగిలింది. సారా పోయాక నెల్లూరు ఆడవాళ్ళు ఇళ్ళకి వెళ్ళి కూర్చోలేదు. పొదుపులక్ష్మి పేరుతో రోజుకో రూపాయి దాచుకునే సంఘాలు ఊరూరా పుట్టాయి. రాత్రి బడిలో కలిసినవాళ్ళు, జీపు ముందు నిలబడినవాళ్ళు అవే గుంపులుగా పొదుపు మొదలుపెట్టారు. ఆ పొదుపు డ్వాక్రాతో కలిసి రాష్ట్రమంతా పాకింది. ఇవాళ రెండు తెలుగు రాష్ట్రాల్లో బ్యాంకు మేనేజర్ ముందు ధైర్యంగా కూర్చుని అప్పు మాట్లాడే మహిళా సంఘం లీడరు వెనక ఆ చరిత్ర ఉంది. ప్రభుత్వాలు ఈ సంఘాలని తమ పథకంగా చెప్పుకుంటాయి. మొదటి రూపాయి మాత్రం సారా కొట్టుకి పోకుండా ఆపుకున్న రూపాయి.

ఇప్పటి లెక్కలు చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన జగన్ ప్రభుత్వం దశలవారీ నిషేధం అని చెప్పి, అక్టోబరు 1 నుంచి షాపులు తనే నడిపింది. రేట్లు బాగా పెంచింది. నిషేధం రాలేదు సరికదా, 2022లో బేవరేజెస్ కార్పొరేషన్ మద్యం ఆదాయాన్ని చూపించి బాండ్లు అమ్మి 8,000 కోట్లకు పైగా అప్పు తెచ్చింది. మందు అమ్మకం మీద భవిష్యత్తు అప్పు పెట్టుకున్న ప్రభుత్వం ఏదైనా, దాన్ని ఆపేస్తానంటే నమ్మడం కష్టం. 2024 అక్టోబరులో చంద్రబాబు ప్రభుత్వం 3,396 షాపులని లాటరీతో ప్రైవేటువాళ్ళకి ఇచ్చింది, 99 రూపాయల క్వార్టర్ తెచ్చింది. తెలంగాణలో 2023లో 2,620 షాపుల కోసం లక్షా 30 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకి తిరిగి ఇవ్వని ఫీజు అప్పుడు 2 లక్షల రూపాయలు. ఒక్క సీసా కూడా అమ్మకముందే 2,600 కోట్లు ఖజానాలో పడ్డాయి. ఇన్ని పార్టీలు మారినా అమ్మే పద్ధతి గురించే చర్చ నడిచింది. ఫలానా ఊళ్ళో షాపు ఉండాలా వద్దా అని ఆ ఊరిని అడగడం గురించి ఏ మేనిఫెస్టో గట్టిగా మాట్లాడలేదు.

అడిగే పద్ధతి లేదా అంటే ఉంది, మన పక్కనే ఉంది. మహారాష్ట్రలో ఊరి మహిళా ఓటర్లలో తగినంత మంది అర్జీ పెట్టుకుంటే అధికారులు రహస్య బ్యాలెట్ నిర్వహిస్తారు. బ్యాలెట్ మీద రెండు గుర్తులుంటాయి, నిలబెట్టిన సీసా ఒకటి, పడుకోబెట్టిన సీసా ఒకటి. మొత్తం ఓటర్లలో సగానికి పైగా పడుకోబెట్టిన సీసాకి ఓటేస్తే ఆ ఊళ్ళో మందు షాపు మూసేయాలి. ఆడ్వీ బాట్లీ, అంటే పడుకోబెట్టిన సీసా, అంటే మరాఠీ పల్లెల్లో అందరికీ తెలుసు. దూబగుంటలో వంద మంది ఊరి బయటికి నడిచి చేసిన పనికి అది చట్టబద్ధమైన రూపం. ఇందులో లోపాలు లేకపోలేదు. పక్క ఊరి షాపు సమస్య అలాగే ఉంటుంది, ఓటు రోజున బెదిరింపులు ఉంటాయి. కానీ ముఖ్యమంత్రి మారితే ఆ ఊరి తీర్పు మారిపోదు.

మనకీ అలాంటి చట్టం ఒక మేరకు ఉంది. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని గ్రామసభలకి, పంచాయతీలకి మద్యాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం ఇవ్వాలంటుంది. అది ఏజెన్సీ గ్రామాలకే వర్తిస్తుంది. కలిగిరి మండలం అందులోకి రాదు. దూబగుంటలో ఇవాళ ఆడవాళ్ళు మళ్ళీ ఏకమై మా ఊళ్ళో బెల్టు షాపు వద్దంటే, వాళ్ళ మాటకి అర్జీకి ఉన్నంత విలువే ఉంటుంది.